వట్టి కాళ్ళ సిపాయి

మా నాయనవి ఇంట్లో రెండే ఫొటోలున్నాయి. రెండూ మిలిట్రీ దుస్తుల్లో తీసినవే. తల మీద టోపీ, నడుముకు బిగించిన బెల్టు, ఛాతీ మీద పతకాల రిబ్బన్లు, ఇస్త్రీ మడత చెడని ప్యాంటు, అన్నీ ఉన్నాయి. కింద మాత్రం వట్టి కాళ్ళు. వేళ్ళు విడివిడిగా, గోళ్ళతో సహా కనపడుతుంటాయి. ఇంటికొచ్చినవాళ్ళు ఆ గోడ వైపు తల తిప్పితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు ఏమడగబోతారో నాకు ముందే తెలుసు.

పూతలపట్టు నుంచి చిత్తూరు పోయే రోడ్డు మీద బస్సు దిగి, కొంచెం లోపలికి నడిస్తే మా ఊరు. మాది మాలవాడ. గవర్నమెంటు వాళ్ళు పాతిన రేకు మీద హరిజనవాడ అని ఉండేది. రోడ్డు నుంచి మా వాడకు రావాలంటే ఊరి పెద్దవీధి దాటక తప్పదు. ఆ వీధిలో మా వాళ్ళెవరూ చెప్పులతో నడవకూడదు. ఈ మాట ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. వీధి మొదట్లో, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ ఒకటుంది. దాని దగ్గరికి రాగానే మా వాళ్ళ కాళ్ళు వాటంతటవే చెప్పులు విడిచేవి. మగవాళ్ళు చంకలో పెట్టుకునేవాళ్ళు, ఆడవాళ్ళు కొంగున చుట్టుకునేవాళ్ళు. మా పిల్లలకు అసలు చెప్పులే లేవు కాబట్టి ఆ తంటా లేదు.

చెప్పులైతే ఒక్క విదిలింపుకు ఊడతాయి. మా నాయనవి బూట్లు. చీలమండల పైదాకా లేసులు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆయన బస్సు దిగి, ట్రంకు పెట్టె కింద పెట్టి, ఆ మోరీ గట్టు మీద కూర్చునేవాడు. ఒక్కో రంధ్రంలోంచి తాడు లాగుతూ, ఏ తొందరా లేకుండా విప్పేవాడు. తర్వాత రెండు బూట్ల లేసులూ కలిపి ముడేసి భుజాన తగిలించుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని వీధిలోకి నడిచేవాడు. మేము ఎదురుపోయి చుట్టూ మూగేవాళ్ళం. అప్పుడు నాకందులో తప్పేమీ తోచలేదు. మిలిట్రీ నుంచి వచ్చినవాళ్ళు చేయాల్సిన పని అదేమో అనుకునేదాన్ని.

బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన ఏడు ఆయన దగ్గర్నుంచి చాలా కాలం ఏ కబురూ లేదు. పక్క ఊరి నుంచి యుద్ధానికి పోయిన ఒకాయన ముందే తిరిగొచ్చాడు. ఒక కాలు మోకాలి కింద లేదు. పూతలపట్టులో ఆయన చంకకర్రలతో బస్సెక్కలేక నిలబడి ఉండడం అమ్మ కళ్ళారా చూసింది. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సహించలేదు. అవ్వ తన కొడుకు ప్రాణం కోసం మొక్కుకుంటే, అమ్మ ఆయన కాళ్ళ కోసం మొక్కుకునేది.

చివరికి యుద్ధం ముగిసిన చాలా రోజులకు ఆయన వచ్చాడు. బస్సు దిగిన మనిషి మొహం వైపు అమ్మ చూడలేదు, కాళ్ళ వైపు చూసింది. బూట్లు చూసి కూడా నమ్మకం కుదరలేదేమో, నాయన మోరీ గట్టు మీద లేసులు విప్పుతుంటే ఆమె నేల మీద చతికిలబడింది. బూటులోంచి బయటికొచ్చిన పాదాన్ని రెండు చేతులా పట్టుకుని తడిమింది. రెండోదాని కోసం కాచుకుంది.

"ఉండాయిమే, రెండూ ఉండాయి" అని నవ్వాడు నాయన.

ఫొటో మాట ఎత్తింది కూడా అమ్మే. "నువ్వు ఆడనే పోయుంటే నీ మొగం ఇట్లుంటాదని పిల్లకు సూపించేదానికి ఇంట్లో ఏముండాది? ఈసారి పటం తీయించుకోకుండా నిన్ను బండెక్కనీను" అంది.

చిత్తూరులో స్టూడియోకు పోవాలని నిర్ణయమైంది. కంచు చెంబులో నిప్పులు పోసి అమ్మ చొక్కా, ప్యాంటు ఇస్త్రీ చేసింది. నాయన బూట్లకు పాలిష్ పెట్టి, మొహం కనపడేంతగా రుద్దాడు. ఎలాగూ వీధి దాటేదాకా వేసుకునే పని లేదు కాబట్టి, దుమ్ము పడకుండా వాటిని గుడ్డసంచిలో పెట్టి, మూతి కట్టి, వాకిలి పక్కన మేకుకు తగిలించారు. మోరీ దగ్గర వేసుకోవాలని అనుకున్నారు.

మరుసటి రోజు పొద్దున్నే నాయన, అమ్మ, అవ్వ, నేను బయల్దేరాం. వీధి దాటాం. మోరీ దాటాం. బస్సొచ్చింది, ఎక్కాం. చిత్తూరులో దిగి బజారు పొడుగునా నడిచి స్టూడియో మెట్లెక్కాం. ఫొటోలు తీసే ఆయన మా నాయనను చూసి కుర్చీలోంచి లేచాడు. యుద్ధం గెలిచిన కొత్త కదా, దండం పెట్టి "రండి సార్, రండి" అన్నాడు. మా నాయనను సార్ అన్న మనిషిని చూడడం నాకదే మొదలు. మేడమెట్లు గీసిన పరదా ముందు అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, నాయనను పక్కన నిలబెట్టి, నల్లగుడ్డ కింద తల దూర్చి, మళ్ళీ బయటికి తీశాడు.

"బూట్లు యాడ సార్?" అన్నాడు.

నలుగురం ఒక్కసారే నాయన కాళ్ళ వైపు చూశాం. సంచి ఇంట్లో మేకుకు వేలాడుతోంది. అమ్మ తెస్తుందని అవ్వ, అవ్వ తెస్తుందని అమ్మ. సంచి మర్చిపోవడం ఎవరింట్లోనైనా జరిగేదే, దానికి నాకు కోపం లేదు. మోరీ దగ్గర గానీ, బస్సులో గానీ, అంత పొడుగు బజారులో గానీ ఆయన కాళ్ళు వట్టిగా ఉన్నాయని మాలో ఒక్కరికీ తోచలేదే, అదీ నా బాధ. ఏళ్ళ తరబడి బూట్లలో కవాతు చేసిన మనిషికి కూడా తోచలేదు. మా ఊళ్ళో మా వాళ్ళ కాళ్ళంటే వట్టి కాళ్ళే. అందులో కొత్తగా చూడడానికేముంది?

"ఏం పర్వాలేదు సార్, నడుము దాకా తీస్తాను. హాఫ్ సైజు బాగా వస్తాది" అన్నాడు ఫొటోగ్రాఫరు.

అమ్మ అడ్డం తిరిగింది. "కాళ్ళు పడాల."

"బూట్లు లేకుండా బాగుండదు గదమ్మా."

"బూట్లు లేకపోతే పోనీప్పా. మా ఆయన రెండు కాళ్ళతో ఇంటికొచ్చినాడు. అది పడాల."

అవ్వ కూడా కోడలి వైపే చేరింది. "తల మటుకే తీస్తే అది పోయినోళ్ళ పటం నాయనా, మాకొద్దు" అంది. అత్తాకోడళ్ళు ఒక మాట మీద నిలబడడం చూసి నాయనే నవ్వి, "తీయప్పా, ఉన్నదున్నట్టు తీయి" అన్నాడు. అలా పడింది మొదటి ఫొటో.

ఫ్రేము కట్టించి గోడకు కొట్టాక మా వాడంతా వచ్చి చూసింది. టోపీ బాగుందన్నారు, మీసం బాగుందన్నారు, అవ్వ కళ్ళు మూసుకుందని నవ్వారు. కాళ్ళ గురించి మాత్రం ఒక్క నోరూ మాట్లాడలేదు.

నాకు కళ్ళు తెరుచుకున్నది తిరుపతిలో. కాలేజీ చదువుకు పోయి హాస్టల్లో చేరినప్పుడు ఆ ఫొటో చిన్న కాపీ ఒకటి పెట్టెలో పెట్టుకుపోయాను. నా గదిలో ఉండే అమ్మాయి ఒకరోజు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "మీ నాన్న కొండకు మొక్కుకున్నారా?" అంది. తిరుపతిలో ఉండేవాళ్ళకు అలా తోచడంలో వింత లేదు. మొక్కున్నవాళ్ళు చెప్పులు సంచిలో వేసుకుని కొండ మెట్లెక్కుతుంటారు. కాళ్ళు బొబ్బలెక్కితే అంత పుణ్యమంటారు. కాదని చెప్పాను. మరెందుకు అంది. ఎందుకో చెప్పాను. తర్వాత నాలుగు రోజులకు ఆ అమ్మాయి తన మంచాన్ని పక్కగదిలోకి మార్చుకుంది. ఈ గదిలో గాలి ఆడదట.

అప్పటి నుంచి నా కోపమంతా నాయన మీదికి మళ్ళింది. ఎవరి మీద పోవాలో వాళ్ళ మీదికి పోలేని కోపం ఇంట్లోవాళ్ళ నెత్తినే కదా పడేది! ఆయన సెలవుకు వచ్చినప్పుడు, నేనూ సెలవులకు ఇంట్లో ఉంటే, ఇద్దరికీ అదే పంచాయితీ.

"తుపాకులకు ఎదురుపోయినోడివి, అరుగుల మీద కూసున్న ముసిలోళ్ళకు భయపడతావా నాయనా?"

"ఆడ శత్రువు ఎదర ఉంటాడు పాపా. నా ఎనక నావోళ్ళుంటారు. ఈడ అట్ల గాదు. నేను రెండు నెల్లుండి ఎలబారిపోతాను. తెల్లారితే మీ అమ్మ కూలికి పోవాల్సింది వాళ్ళ కయ్యల్లోకే."

ఆ మాట నిజమైనందుకు నాకు ఇంకా కోపమొచ్చేది. తర్వాత ఆయన పింఛను మీద ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు నువ్వు ఇక్కడే ఉంటావు కదా, ఇప్పుడేమి అడ్డం అని మళ్ళీ మొదలుపెట్టాను. "మడక దున్నేవోడికి బూట్లతో ఏం పని?" అన్నాడు. బూట్లు ట్రంకు పెట్టెలోకి పోయాయి. ఆయన గుత్తకు తీసుకున్న కయ్యలో వట్టి కాళ్ళతో బురద తొక్కాడు. గోడకు చెప్పుకున్నట్టే అయింది నా బతుకు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. నేను టీచరు ట్రైనింగు ముగించి, పోస్టింగు కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉన్నాను. జనవరి జెండా పండుగ ముందురోజు ఊరి పెద్దమనిషి మా వాడ దాకా వచ్చాడు. పెద్దవీధిలో మొదటి అరుగు ఆయనదే. మా నాయన మిలిట్రీకి పోకముందు ఆయన నోట "ఒరే". పోయొచ్చాక "ఏమప్పా మిలిట్రీ" అయింది. ఆ మాత్రం పెరిగినందుకు మా వాడలో కొందరికి గర్వం కూడా ఉండేది. వాడ లోపలికి రాకుండా అంచున గట్టు మీదే నిలబడి పిలిచాడు.

"ఏమప్పా మిలిట్రీ, రేపు బడికి ఆఫీసరు వస్తాడంట. ఊర్లో యుద్ధానికి పోయొచ్చిన మనిషి ఉండాడని ఎవురో సెప్పినారు. జెండా నీ సేతనే ఎత్తించాలంటాడు. డ్రస్సేసుకోని వచ్చేయి. పోటోలు గూడా తీస్తారు."

"అట్నే సామీ" అన్నాడు నాయన.

ఆయన రెండడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. "బూట్లు మాత్రం బడి కాడికి పోయినాక ఏసుకో. వీధిలో టకటకమని సప్పుడవుతాది. పెద్దోళ్ళు కూసోనుంటారు, బాగుండదు."

"అట్నే సామీ."

ఎక్కడైనా బావే గానీ వంగతోట దగ్గర కాదన్నట్టు, దేశం జెండా ఎత్తడానికి పనికొచ్చే బూట్లు పెద్దవీధికి పనికిరావు! ఆయన అటు పోగానే నేను నాయన మీద విరుచుకుపడ్డాను. పోవద్దన్నాను. పోతే బూట్లేసుకునే పొమ్మన్నాను. అంతా విని ఆయన నింపాదిగా అన్నాడు.

"జెండా ఎత్తేటప్పుడు బూట్లుంటాయి గదా. పోటోలో పడతాయి గదా. ఇన్నేండ్లుగా నువ్వు నన్ను పీకతాండేది దానికే గదా పాపా?"

నిజమే. నాకు కావాల్సింది అదే. బూట్లతో ఉన్న మా నాయన ఫొటో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి. అది దొరికితే ఆ పాతది తీసి పెట్టె అడుగున పడేయవచ్చు. సాయంత్రం నేనే బూట్లు బయటికి తీశాను. తోలు బిర్రబిగిసి ఉంది. కొబ్బరినూనె రాశాను. నాయన పాలిష్ పెట్టి రుద్దాడు. వేసి చూడాలని ఇద్దరికీ తోచలేదు. ఎవరి బూట్లు వాళ్ళకు పట్టకుండా ఎక్కడికి పోతాయి?

పొద్దున్నే ఆయన పూర్తి దుస్తుల్లో, చేతిలో సంచితో, వట్టి కాళ్ళతో పెద్దవీధిలో నడిచాడు. పక్కన నేను చెప్పులతో నడిచాను. ట్రైనింగు అయిన పిల్ల, నోరున్న పిల్ల, కదిలిస్తే గొడవని అరుగుల మీదివాళ్ళు నన్ను చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు. ఆడపిల్ల చెప్పుల చప్పుడు ఎవరికి వినపడుతుంది? వాళ్ళకు బెంగంతా మాలవాడి మిలిట్రీ బూట్ల చప్పుడు మీదే. ఆ సంచిని నేను మాత్రం కళ్ళు మరల్చకుండా చూస్తూ నడిచాను. ఈసారి మర్చిపోలేదు, అది చాలు అనుకున్నాను.

బడి మెట్టు మీద కూర్చుని నాయన లేసులు వదులు చేసి కాలు దూర్చాడు. సగం పోయి ఆగింది. మడమ ఎత్తి తొక్కాడు. పోలేదు. రెండోది చూశాడు, అంతే. బూట్లు ముడుచుకుపోయాయి, ఆయన పాదాలు బురద తొక్కీ తొక్కీ చేటల్లా వెడల్పయ్యాయి. చెమట పట్టి టోపీ కింది నుంచి కారుతోంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని బూటు మడమ పట్టుకుని లాగాను. ఆయన పళ్ళు బిగించి తోశాడు. బడిపిల్లలంతా వరసలు చెదిరి మా చుట్టూ చేరారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కాళ్ళ మీద, ఆ బూట్ల మీద, నా మీద, అన్నిటి మీదా కోపంతో ఏడుపు.

ఇంతలో జీపు వచ్చింది. ఆఫీసరు దిగి వచ్చి నాయనతో చెయ్యి కలిపి, కిందికి చూసి, "బూట్లేవీ?" అన్నాడు.

నాయన జవాబు చెప్పేలోపల పెద్దమనిషి అందుకున్నాడు. "వాళ్ళకు అలవాటు లేదు సార్. మొదట్నించీ వట్టి కాళ్ళతోనే తిరగతారు. మేమెంత సెప్పినా ఇనరు."

నేను ఊరుకోలేకపోయాను. "నిన్న మా వాడ కాడికొచ్చి, వీధిలో బూట్లేసుకోవద్దని సెప్పింది మీరు గాదా?" అని అందరూ వినేలా అడిగాను.

పెద్దమనిషి మొహం మాడిపోయింది. నేను ఆఫీసరు వైపు చూశాను. చదువుకున్నవాడు, పైనుంచి వచ్చినవాడు, ఒక్క మాటైనా అంటాడని చూశాను. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "టైమవుతోంది, కానివ్వండి" అని జెండా కర్ర వైపు నడిచాడు. ఇన్నేళ్ళు మింగిన మాట బయటపెట్టాను, అది దున్నపోతు మీద వానైపోయింది.

నాయన వట్టి కాళ్ళతోనే జెండా ఎత్తాడు. మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు. చప్పుడు రాలేదు.

తర్వాత ఫొటో. చిత్తూరు నుంచి పిలిపించిన మనిషి ఆ పాత స్టూడియో ఆయనే. జుట్టు నెరిసింది గానీ మమ్మల్ని గుర్తుపట్టాడు. "ఏంది సార్, అప్పుడు బూట్లు మర్చిపోయి వచ్చినారు. ఈసారీ మర్చిపోయినారా?" అని నవ్వాడు.

"బూట్లు తెచ్చినానప్పా" అన్నాడు నాయన. "ఈసారి కాళ్ళే మర్చిపోయినాయి."

అని, మెట్టు మీదున్న బూట్లను తెచ్చి తన కుడికాలి పక్కన జతగా నిలబెట్టాడు. లేసులు లోపలికి దోపి, రెండు మొనలూ సమానంగా సర్ది, నిటారుగా నిలబడ్డాడు.

"అవి పక్కకు తీయప్పా మిలిట్రీ, పోటోలో బాగుండదు" అన్నాడు పెద్దమనిషి.

"ఉండనీ సామీ." మా నాయన ఆయన మాటకు అడ్డం చెప్పగా విన్నది ఆ ఒక్కసారే.

ఫొటోగ్రాఫరు ఇద్దరి మొహాలూ చూసి నసిగాడు. "నడుము దాకా తీసేదా మరి?"

బడి ప్రహరీ అవతల మా వాడ ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. అందులోంచి అమ్మ గొంతు లేచింది. "కాళ్ళు పడాల!"

కాపీలు వచ్చాయి. బడివాళ్ళు తమ కాపీని ఛాతీ దాకా కత్తిరించి, మంచి ఫ్రేములో హెడ్మాస్టరు గదిలో పెట్టారు. మా కాపీ మా గోడ మీదికి వచ్చింది. బూట్లు ఫొటోలో పడ్డాయి, నిజమే. నేనడిగినట్టు కాదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకే నాయన జ్వరంతో పోయాడు. నేనప్పుడు తిరుచానూరు దగ్గర ఒక బడిలో పని చేస్తున్నాను. దినాలకు బడి నుంచి ఆ కత్తిరించిన ఫొటో పంపించారు, దండ వేసుకోమని. మంచి మనసుతోనే పంపి ఉంటారు. అమ్మ దాన్ని విప్పి చూసి, తిరిగి చుట్టి, తెచ్చినవాళ్ళ చేతికే ఇచ్చేసింది. "ఇది సగం మనిషిది. మా ఆయన నిండా వచ్చినాడు" అంది. గోడ మీది జెండా పండుగ ఫొటో దించి పీట మీద పెట్టింది.

తిరుచానూరు గుడి ముందు పూలమ్మే ఆమె దగ్గర నేను దండ కట్టించుకొచ్చాను. పొడుగ్గా కట్టమని మరీ మరీ చెప్పాను. మెడలో వేస్తే ఫ్రేము అడుగు దాకా దిగి, ఆ వట్టి కాళ్ళూ, ఆ వట్టి బూట్లూ కనపడకుండా పోవాలని. దినాల రోజైనా నలుగురూ వచ్చి ఆ ప్రశ్న అడగకూడదని.

అమ్మ దండ వేసి, ఒకడుగు వెనక్కి జరిగి చూసింది. మళ్ళీ ముందుకు వంగి, దండను మధ్యలో తెంపి, పొట్టిగా ముడేసింది. కాళ్ళూ బూట్లూ బయటపడ్డాయి.

"ఎందుకుమా? వచ్చినోళ్ళంతా అడగతారు, బూట్లు పక్కన పెట్టుకోని ఏసుకోలేదేమని" అన్నాను.

"అడగనీ పాపా" అంది. మిగిలిన పూలు నా చేతిలో పెట్టింది. "సెప్పేదానికే గదా మీ నాయన నిన్ను సదివించింది."